ఎర్ర దారం కట్టిన దండకడియం

రోజు 1

నాలుగింటికే గాలి వేడిగా ఉంది. సముద్రం మీంచి వస్తున్నా చల్లదనం లేదు. నాలుగున్నర నుంచి తొమ్మిది వరకు పదకొండు కొబ్బరి చెట్లు ఎక్కాను. నూట ముప్పై కాయలు దిగాయి. తొమ్మిదికి ఎండ సైరన్ కొట్టారు. ఇసకపాలెంలో అందరం ఇళ్ళలోకి వచ్చేశాం.

కొత్త పుస్తకం ఈరోజే ఇచ్చారు. కిడ్నీ జబ్బు మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ జబ్బు లేని మనిషి ఒకరు ఈ పుస్తకం రాయాలి. ఎడమ పేజీలో గళ్ళు ఉంటాయి: ఎండ, పని, తాగిన నీళ్ళు, తిన్న ఉప్పు. కిడ్నీ వైద్య కేంద్రం వాళ్ళు ఆ పేజీ ఒక్కటే చూస్తారు. కుడి పేజీ ఖాళీ. నేను పదో తరగతి వరకు చదివాను. కాగితం ఖాళీగా వదిలెయ్యడం ఇష్టం లేక రాస్తున్నాను.

తొమ్మిదిన్నరకి నా భార్య దమయంతి గోడకి చేరబడి కూర్చుంది. ఎర్ర దారం కట్టిన కడియం ఆమె దండకి, నీలం దారం కట్టింది నా దండకి. దారం తప్ప రెండింటికీ తేడా లేదు. రెండూ ఒకేసారి బిగుసుకున్నాయి, ఒకేసారి వదిలాయి. ఆమె రక్తపోటు అప్పుడే కేంద్రానికి వెళ్ళింది. అంకె ఆమె చెవిపూసలో చెప్తారు.

"నూట నలభై ఎనిమిది," అంది నాతో.

నా అంకె ఎక్కడికీ వెళ్ళదు. జబ్బు లేనివాళ్ళవి కడియంలోనే ఉండిపోతాయి. మూడు నెలలకోసారి వచ్చి చదువుకుంటారు.

తర్వాత నిమిషం మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుంది. చెవిపూసలో ఆమెకి తన తోడుమనిషి గుండె వినిపిస్తుంది. అతని చెవిపూసలో ఈమెది. కడియం కట్టుకున్నది బతికున్న మనిషేనని ఒకరికొకరు సాక్ష్యం చెప్పాలి. మొదట్లో మొగుడికి పెళ్ళాన్ని, పెళ్ళానికి మొగుణ్ణి తోడు పెట్టారట. అంకె పెరిగినప్పుడల్లా ఇంట్లోనే దాచేసుకున్నారని ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు జబ్బు మనిషికి జబ్బు మనిషే తోడు. ఒకరి అంకె నూట యాభై దాటితే రెండోవాళ్ళ కడియం అదురుతుంది. వెంటనే వచ్చి చూడాలి.

దమయంతి తోడుమనిషి ఢిల్లేసు. రెండు వీధుల అవతల ఉంటాడు. ఆమె పుట్టినూరివాడు, వరసకి బావ. జబ్బు రాకముందు ఇరవయ్యేళ్ళు చెట్లెక్కాడు.

నిమిషం అయ్యాక చెవిపూసలోంచి అతని గొంతు నాకూ సన్నగా వినిపించింది.

"ఇన్నాను దమయంతీ."

"నానూ ఇన్నాను బావా."

అంతే మాట. పొద్దున తొమ్మిదిన్నరకి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి. ఎనిమిది నెలలుగా ఇదే.

రోజు 3

ఎండ నలభై ఆరు. సాయంత్రం ఐదు తర్వాత నాలుగు చెట్లు ఎక్కి ఇంటికి వచ్చేసరికి ఢిల్లేసు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దమయంతి తడిగుడ్డ మెడకి చుట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"నువ్వొచ్చేసరికే అంతా అయిపోనాది తవిటీ," అన్నాడు నాతో. "నూట యాభై నాలుగు. నా కడియం అదిరిపోనాది. ఇది ఎండుచేప తినీసినాది, అడిగితే ఒప్పుకోదు."

"నాను తిన్లేదు బావా."

"తిన్లేదంట! పొద్దున్నుంచీ నీ గుండె గోల సేసీస్తన్నాది. నాకు ఇనిపించదేటి?"

ఆమె నవ్వింది. "పిసరంత ముక్క బావా. వాసనకి ఆగలేకపోనాను."

మొన్న నేను ఇదే అడిగాను. చూరులో పెట్టిన ఎండుచేపల పొట్లం తగ్గిందేమని అడిగితే పిల్లి తిందని చెప్పింది. ఆ పిల్లి సంగతి ఎడమ పేజీలో రాయలేదు.

ఢిల్లేసు వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి వెళ్ళాడు. మంచి మనిషి. అది కూడా నాకు నచ్చలేదు.

రోజు 4

నీళ్ళ టవర్ దగ్గర వరసలో నా ముందు ఢిల్లేసు భార్య ఎర్రమ్మ నిలబడింది. నాకు వదిన వరస. బిందె దించి నా ముఖంలోకి చూసింది.

"ఏటి మరిదీ, మొకం మాడిపోనాది? మా ఆయన నీ పెళ్ళాం గుండె ఇంటన్నాడనేటి?"

వరసలో ఆడవాళ్ళంతా నవ్వారు.

"నీకేటీ అనిపించదేటి వదినా?"

"నాకేటనిపిస్తాది? గుండె ఎవులైనా ఇననీ. గురక నాను ఇంటన్నాను కదా. అది కూడా ఎవులికైనా ఒప్పజెప్పమని కేంద్రానికి సెప్పు, దణ్ణం పెడతాను."

నేనూ నవ్వాను. రెండు బిందెలు పట్టుకుని వచ్చేశాను. మనిషికి రెండే.

రోజు 6

కేంద్రం నుంచి నెలవారీ రక్తపరీక్ష ఫలితం వచ్చింది. దమయంతి కిడ్నీల్లో పనిచేసే శక్తి మిగులు నూటికి ఇరవై రెండు. ముందు నెల కూడా ఇరవై రెండే. నిలబడిందన్నమాట. మిగులు పది కంటే దిగితే వడపోత ఊరికి వెళ్ళిపోవాలి. అక్కడ రోజు విడిచి రోజు యంత్రం మీద రక్తం వడపోస్తారు. ఆ యంత్రాల పక్కనే కాపురం. మా వీధి నుంచి ఐదేళ్ళలో పద్నాలుగు మంది వెళ్ళారు. తిరిగి వచ్చి ఇక్కడ ఉన్నవాళ్ళు లేరు.

ఫలితంతో పాటు పంపిన కాగితంలో ఇంకో సంగతి ఉంది. వరసగా మూడు వారాలు అంకె నూట నలభై దాటకపోతే ఆ మనిషికి తోడు అక్కర్లేదు. తోడుమనిషిని విడిపించి అవసరమైనవాళ్ళకి ఇస్తారు.

ఆ కాగితం రెండుసార్లు చదివాను.

ఈరోజు నుంచి వంట నేను చేస్తానని చెప్పాను. దమయంతి నా వైపు వింతగా చూసింది.

"నువ్వు వండితే ఎవులు తింతారు?"

"ఇద్దరమూ తింటాం."

ఎండుచేపల పొట్లం తీసుకెళ్ళి ఎర్రమ్మకి ఇచ్చేశాను. ఉప్పు డబ్బా అటక మీద పెట్టాను.

రోజు 7

ఉప్పు లేని ములక్కాడ చారు. ఉప్పు లేని గంజి. అంకె 146. సాయంత్రం 149.

మధ్యాహ్నం తలుపులు మూసుకుని పడుకున్నప్పుడు అడిగాను.

"ఆ నిమిషంలో ఏం వినిపిస్తుంది?"

"ఏటున్నాది? దబ్బు దబ్బుమని. నూతిలోకి బిందె దించినప్పుడు గోడకి తగుల్తాది సూడు, అలగ."

"నాది విను."

ఆమె విసుక్కోకుండా నా గుండె మీద చెవి పెట్టింది. కాసేపు విని, "నీది సప్పుడే లేదు. మరీ నెమ్మది. నిద్దరొచ్చేస్తన్నాది," అంది. అలాగే నిద్రపోయింది కూడా.

చెట్లెక్కేవాళ్ళ గుండె కూర్చున్నప్పుడు నెమ్మదిగానే కొట్టుకుంటుంది. ఆ సంగతి ఆమెకి చెప్పాల్సిన పని రాలేదు.

ఢిల్లేసుది వింటూ ఆమె ఎప్పుడూ నిద్రపోలేదు.

రోజు 8

పొద్దున కొలత అయ్యాక కడియాలు రెండూ విప్పి కడగడం నా పని. చెమట ఉప్పు పట్టి దండ మీద దద్దు లేస్తుంది. కడిగి, ఎండ కరెంటు పలక మీద పెడితే సాయంత్రానికి ఛార్జి నిండుతుంది.

ఈరోజు కడిగాక దారాలు విప్పాను. నీలం దారం ఎర్రదాని చోట, ఎర్ర దారం నీలందాని చోట కట్టాను. ముళ్ళు మునుపటిలాగే వేశాను. ఎంతసేపు పట్టిందో చూడలేదు. ఎక్కువ పట్టలేదు.

సాయంత్రం చెట్లకి వెళ్ళలేదు. నడుం నొప్పి అని చెప్పాను. ఆరింటికి ఇద్దరం గోడకి చేరబడి కూర్చున్నాం. కడియాలు బిగుసుకుని వదిలాయి. దమయంతి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"నూట పద్దెనిమిది," అంది. మళ్ళీ అంది. "నూట పద్దెనిమిది! నీ ఉప్పులేని కూడు పనిసేసినాది!"

నిమిషం గడిచింది. ఢిల్లేసు గొంతు రావడం కొంచెం ఆలస్యమైంది.

"ఇన్నాను దమయంతీ."

ఆమె లేచి పక్కింటికి వెళ్ళింది. నా వంట గురించి ఆమె చెప్తున్నది గోడ ఇవతలికి వినిపించింది.

రోజు 13

తొమ్మిదింపావుకి గద్ద వచ్చింది. మందులు తెచ్చే ఎగిరే మరని మా ఊళ్ళో గద్ద అంటారు. అది వస్తే కోళ్ళు మంచం కింద దూరతాయి. పొట్లం ఇసుకలో పడేసి పోయింది. రోజుకి మూడు మాత్రలు ఉండేవి. ఇప్పుడు రెండు. చీటీలో "మంచి మార్పు, ఒక మాత్ర తగ్గించాం" అని రాసి ఉంది.

చీటీ దమయంతి దాచుకుంది.

నేను లెక్క ఇలా వేసుకున్నాను. ఉప్పు లేదు. ఎండుచేప లేదు. నీళ్ళు కొలిచి ఇస్తున్నాను. కాబట్టి ఆమె అసలు అంకె కూడా దిగే ఉంటుంది. నన్ను ఎవరూ అడగలేదు. నాకు నేనే చెప్పుకున్నాను.

రోజు 15

సాయంత్రం పని ఎక్కువ. గాలివాన వస్తుందని కబురు, పొడుగు చెట్ల కాయలన్నీ దించెయ్యమన్నారు. పొట్టి చెట్లకి మరలు వచ్చాయి కానీ పొడుగు చెట్లకి ఇంకా మనిషే. చివరి చెట్టు సగంలో ఉండగా ఆరయ్యింది. మర్చిపోయాను. దండ మీద కడియం బిగుసుకున్నాక గుర్తొచ్చింది. మానుని కావలించుకుని కదలకుండా నిలబడ్డాను. అది వదిలాక ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎక్కాను. నిమిషం ఇంకా నడుస్తోందన్న ధ్యాస లేదు.

ఇంటికి వచ్చాక దమయంతి చెప్పింది. "నూట ముప్పై ఆరు. కొంచెం పెరిగినాది గానీ పరవాలేదు." తర్వాత అంది, "ఇయ్యాల బావ ఎంతసేపటికీ ఇన్నాననలేదు. కడుపులో బాగోలేదేటో."

నేను కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.

రోజు 19

గాలివాన రాలేదు. ఎండ నలభై ఏడు.

దమయంతి సబ్బు నురగ పెట్టి మెట్టెలు తీసేసింది. వేళ్ళు ఉబ్బి బిగిసిపోయాయట. తల వెనక నొప్పి అంది. ఎండకేలే అంది. పొద్దున తిన్నది కక్కుకుంది. అది నాకు చెప్పలేదు. పెరట్లో ఇసుక కప్పి ఉంటే చూశాను.

"కేంద్రానికి చెప్దామా?"

"ఏటని సెప్తావు? అంకె బాగుంటే ఆలేటంటారు? ఎండలో తిరగొద్దంటారు."

ఇంకా పది రోజులు ఉన్నాయి.

రోజు 22

గద్ద వచ్చింది. రోజుకి ఒకటే మాత్ర.

పొద్దున కొలత అయ్యాక కడియాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. దారాలు మార్చేద్దామనే వెళ్ళాను. ఇది రాస్తున్నందువల్ల చెప్పడం లేదు, నిజంగానే వెళ్ళాను. ఎర్ర దారం ముడి విప్పి చేతిలో పట్టుకున్నాను.

వాకిట్లో ఢిల్లేసు గొంతు వినిపించింది. తలమీద గోనెపట్టా కప్పుకుని ఎండలో వచ్చాడు.

"ఇంకో వారం అయితే నా పీడ ఒదుల్తాది నీకు."

"అలగనకు బావా," అంది దమయంతి. "ఆ నిమిసం ఇనకపోతే నాకు పొద్దు మొదలైనట్టే ఉండదు."

"నీకు మొగుడున్నాడు. వంట కూడా సేస్తన్నాడంట."

"ఉన్నాడు. మాటాడితే కదా."

ఇద్దరూ నవ్వారు. విప్పిన దారం విప్పిన చోటే మళ్ళీ కట్టాను.

రోజు 27

పొద్దున ఆరున్నరకి నాలుగో చెట్టు దిగుతుంటే ఢిల్లేసు కింద నిలబడి ఉన్నాడు. ఆ తోటలోకి అతను వచ్చి రెండేళ్ళయింది. చెట్లు చూడలేనని రాడు.

"తవిటీ, దిగు."

"ఇంకో చెట్టుందన్నా."

"దిగమన్నాను."

దిగాను. అతను కాయల కుప్ప పక్కన కూలబడ్డాడు. మునుపటికంటే చిక్కాడు.

"దమయంతి గుండె పన్నెండు, పదమూడు దెబ్బలకోపాలి ఒకటి మింగీస్తాది. నీకు తెలుసా?"

నాకు తెలీదు. మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు.

"పంతొమ్మిది రోజుల్నుంచి మింగడం లేదు," అన్నాడు. "నిమిసానికి ఎనభై నాలుగు కొట్టుకునే గుండె యాభై ఆరు కొట్టుకుంటన్నాది. మాత్రలు పడినాయేమో అనుకున్నాను. తర్వాత ఓ సాయంత్రం ఇన్నాను. గబగబా నాలుగు గుద్దులు, ఓ ఆగుడు, మళ్ళీ నాలుగు. కాళ్ళకి తాడేసుకుని మాను ఎక్కీవోడి గుండె అది. నానెక్కిన మానులు ఎన్నో నీకు తెల్దేటి? ఆ సప్పుడు నాకు కొత్తా?"

కాళ్ళ తాడు విప్పి పక్కన పెట్టాను. తర్వాత అడిగాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

అతను ఒక కాయని కాలితో దొర్లించాడు.

"మీరిద్దరూ కలిసి సేసినారనుకున్నాను. నన్ను ఒదిలించుకోడానికి అది నీ దండకి కట్టినాదనుకున్నాను. అడగడానికి సిగ్గేసినాది. పన్నెండు రోజులు నీ గుండె ఇని, ఇన్నాను దమయంతీ అన్నాను."

"మరి ఇప్పుడు?"

"నిన్న టవర్ కాడ సూసినాను. దాని కాళ్ళు అరిటి దూటల్లాగున్నాయి. బిందె ఎత్తలేక ఎర్రమ్మకి ఇచ్చినాది. నన్ను ఒదిలించుకుందామనుకున్న మనిషి అలగ ఉండదు తవిటీ. దానికి తెల్దు. ఎల్లి సెప్పు. తొమ్మిదిన్నరలోగా నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను."

ఇంటికి నడిచి వచ్చాను. దారిలో భయపడాల్సింది. దారంతా ఆ మింగే దెబ్బ గురించే ఆలోచించాను. పన్నెండుకి ఒకటా, పదమూడుకి ఒకటా అని.

దమయంతి పీట మీద కూర్చుని ఉల్లిపాయ తరుగుతోంది. చెప్పాను. నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఆమె కత్తిపీట మడిచి పక్కన పెట్టింది.

"ఎన్ని రోజులు?"

"పంతొమ్మిది."

"బావ కోసమా?"

తల ఊపాను.

"నీ వంటకి దిగినాదనుకున్నాను," అంది. "నలుగురికీ సెప్పుకున్నాను. మా ఆయన సేతి కూడు తిని నూట పద్దెనిమిదికి ఒచ్చినాదని టవర్ కాడ అందరికీ సెప్పినాను."

నన్ను తిట్టలేదు. చెయ్యి చాపింది. నా దండ మీది కడియం విప్పి, దానికి ఎర్ర దారం మార్చి ఆమె దండకి కట్టాను. తొమ్మిదిన్నరకి అది బిగుసుకుంది. మామూలుగా ఒకసారి బిగిసి వదులుతుంది. ఈసారి వదిలి, మళ్ళీ బిగిసింది. మళ్ళీ వదిలి, మూడోసారి బిగిసింది.

"రెండు వందల నాలుగు," అంది దమయంతి.

ఎండలో పరుగెత్తుకుంటూ ఢిల్లేసు వచ్చాడు. వాకిట్లోనే పడిపోబోతే ఎర్రమ్మ వెనకనుంచి పట్టుకుంది. పది నిమిషాల్లో కేంద్రం బండి వచ్చింది.

రోజు 29

కేంద్రంలో రెండు రోజులు ఉంచుకున్నారు. రక్తపోటు దించారు. రక్తపరీక్ష చేశారు. మిగులు ఎనిమిది.

మళ్ళీ చేశారు. ఎనిమిదే.

కేంద్రంలో నన్ను ఒక అమ్మాయి ప్రశ్నలు అడిగింది. చిన్న పిల్ల, పట్నం మాట. నా పేరు మీద ఉన్న కడియం తెప్పించి చదివింది.

"తవిటయ్యగారూ, ఇవన్నీ మీ పేరు కింద ఉన్నాయి. చదవమంటారా?"

చదవమన్నాను.

"నూట యాభై ఎనిమిది. నూట అరవై. నూట అరవై ఐదు. ఇక్కడ మేం ఒక మాత్ర తగ్గించాం. నూట డెబ్బై రెండు. నూట డెబ్బై ఎనిమిది. ఇక్కడ రెండోది తగ్గించాం. నూట తొంభై ఒకటి." ఆపి నా వైపు చూసింది. "ఉప్పు మానేసిన మాట నిజమేనా?"

"నిజమే. కడియాలు మార్చకముందు నుంచే."

"అది మంచి పనే," అంది. రాసుకుంది.

ఇది నేను చేశానని, ఆమెకి తెలీదని కాగితం మీద సంతకం పెట్టాను. ఢిల్లేసు పన్నెండు రోజులు తెలిసీ చెప్పలేదన్న మాట నా నోటిదాకా వచ్చింది. అది చెప్తే అతన్ని కూడా తోడునుంచి తీసేస్తారు. చెప్పలేదు. మంచితనం వల్ల కాదు. చెప్తే ఆమె పక్కన ఎవరూ ఉండరు.

రోజు 30

వడపోత ఊళ్ళో దమయంతికి చోటు దొరికింది. నాలుగు రోజుల్లో బండి. వెంట ఒక తోడుమనిషి వెళ్ళొచ్చు, అక్కడే ఉండొచ్చు. జబ్బు లేనివాళ్ళయినా పరవాలేదు, భర్తయినా పరవాలేదు. అంకె మార్చిన మనిషి మాత్రం పనికిరాడు. ఏడాది వరకు ఆ ఊరి గేటు లోపలికి రాకూడదు.

కేంద్రం అమ్మాయి దమయంతిని అడిగింది. "ఎవరి పేరు రాయమంటారు?"

దమయంతి నా వైపు చూడలేదు. అలాగని తల తిప్పుకోనూ లేదు. గోడ మీద గడియారం చూస్తూ ఢిల్లేసు పేరు చెప్పింది.

ఢిల్లేసు మిగులు పదిహేను. అక్కడైతే అతనికీ వైద్యం దగ్గర. తోడుగా వెళ్ళే జబ్బు మనిషి వెంట ఇంటిమనిషి వెళ్ళొచ్చని నియమం. ఎర్రమ్మ సాయంత్రం వచ్చి నా అరుగు మీద కూర్చుంది. ఈసారి నవ్వలేదు.

"నాకు ఈ ఇసక ఒదిలి ఎల్లడం ఇష్టం లేదు మరిదీ. నా జీడిమామిళ్ళు కాపుకొచ్చినాయి. నీ మూలంగా ఎల్తన్నాను. ఇది నీ మొకం మీద సెప్పాలని వొచ్చినాను."

"చెప్పావు కదా వదినా."

"సెప్పినాను," అంది. మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాను. తాగి వెళ్ళిపోయింది.

రోజు 32

ఎండ నలభై ఐదు. పని లేదు. చెట్లెక్కాలనిపించలేదు.

దమయంతి రెండు చీరలు, దువ్వెన, దుప్పటి మూట కట్టుకుంది. ఇల్లు అప్పజెప్పింది.

"నల్లకోడి పొదుగు మీదున్నాది. కదపకు. అటక మీద సెనగలకి పురుగొచ్చినాది, ఎండలో ఏసుకో. నువ్వు ఉప్పు తిను. నీకేటి జబ్బు?"

ఆమె దండకి కడియం ఉంది. తొమ్మిదిన్నరకి నిమిషం అయింది. "ఇన్నాను దమయంతీ" అని అతను అన్నాడు. "నానూ ఇన్నాను బావా" అని ఈమె అంది. పుస్తకం రాస్తున్నట్టు తల దించుకుని విన్నాను.

మధ్యాహ్నం తలుపులు వేశాక అడిగాను.

"ఒక్కసారి నన్ను విననిస్తావా?"

ఎందుకని అడగలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని కొంగు పక్కకి తీసింది. చెవి ఆనించాను. కళ్ళు మూసుకుని లెక్క పెట్టాను. పన్నెండు. పదమూడు. ఇరవై. నలభై దాకా పెట్టాను. లెక్క తప్పితే మళ్ళీ మొదలుపెట్టాను. నా చెవిలో నా గుండే కొట్టుకుంటోందో, ఆమెదే వింటున్నానో తెలియలేదు. మింగిన దెబ్బ నాకు దొరకలేదు.

"ఇనిపించినాదా?" అంది.

"ఊఁ," అన్నాను.

ఢిల్లేసుకి అది మొదటిసారి ఎన్నో రోజున వినిపించిందో అడుగుదామనుకున్నాను. అడగలేదు.

రోజు 34

తెల్లవారుజామున మబ్బు వేసింది. చినుకు పడలేదు. ఐదు ఇరవైకి బండి వచ్చింది. దమయంతి, ఢిల్లేసు, ఎర్రమ్మ ఎక్కారు. ఐదు నలభైకి వెళ్ళారు.